స్పిరిట్ వాసన, నాలుగు తీగల పాటలు

పోయిన వారం రక్తపరీక్ష చేయించుకోవడానికి వెళ్ళాను. సూది గుచ్చే ముందు అక్కడి అమ్మాయి దూదిని స్పిరిట్‌లో తడిపి మోచేతి మడతలో రుద్దింది. చెయ్యి చల్లబడింది, వాసన గుప్పుమంది. అంతే, మా అన్నయ్య వాళ్ళింట్లో చివరి గదిలో ఉన్నాను. నేల మీద చాప, నా ఒళ్ళో యుకులేలే, నాలుగు తీగల బుల్లి గిటారు లాంటిది. అన్నయ్య టేపు రికార్డరు మూత తీసి, పుల్లకి చుట్టిన దూదిని స్పిరిట్‌లో ముంచి, టేపు రాసుకుంటూ పోయే హెడ్లు తుడుస్తున్నాడు. తన పని అయ్యేదాకా గదిలో ఎవరూ మాట్లాడకూడదు. "పిడికిలి వదలండి మేడమ్, అయిపోయింది" అని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పాక గానీ నేను ఈ లోకంలోకి రాలేదు.

ఇంటికొచ్చి అన్నయ్యకి ఫోన్ చేశాను. తనకిప్పుడు వినికిడి బాగా తగ్గింది, ఏ మాటైనా రెండేసి సార్లు చెప్పాలి. "ఇవాళ స్పిరిట్ వాసన వచ్చింది అన్నయ్యా" అన్నాను. ఆ మాట మాత్రం మొదటిసారికే అందింది.

"రబ్బరు చక్రానికి పెట్టకేం" అన్నాడు.

టేపుని ఇరుసుకి అదిమిపట్టే చిన్న రబ్బరు చక్రం ఒకటి ఉంటుంది. స్పిరిట్ తగిలితే అది గట్టిపడి పగుళ్ళిస్తుందని తన భయం. దానికి తడిగుడ్డ, లోహపు భాగాలకి స్పిరిట్. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ జాగ్రత్తే ముందు గుర్తొచ్చింది తనకి.

* * *

అది నాలుగు ట్రాకుల, అంటే టేపు మీద పక్కపక్కనే నాలుగు బాటల్లో రికార్డు చేసే, క్యాసెట్ రికార్డరు. ఒకళ్ళిద్దరే ఇంట్లో కూర్చుని, ఒక్కో గొంతునీ ఒక్కో వాయిద్యాన్నీ విడివిడిగా రికార్డు చేసి కలుపుకునే వీలు మామూలు మనుషులకి దొరికింది ఇలాంటి యంత్రాలతోనే. 1979లో టాస్కామ్ వాళ్ళు పోర్టాస్టూడియో పేరుతో మొదటిది తెచ్చారు. అంతకు ముందు పెద్ద పెద్ద రీళ్ళ యంత్రాలు కావాలి, లేదంటే స్టూడియోకి వెళ్ళాలి. అన్నయ్య దగ్గరున్నది ఆ తర్వాత వచ్చిన రకం. ఎవరో వాడి వదిలేసింది కొన్నాడు.

మామూలు స్టీరియో క్యాసెట్లో ఒకవైపు రెండు ట్రాకులు, తిప్పితే ఇంకోవైపు రెండు. ఈ యంత్రం ఆ నాలుగింటినీ ఒకే దిక్కులో వాడేసుకుంటుంది. పైగా టేపు రెట్టింపు వేగంతో తిరుగుతుంది. అంచేత 60 నిమిషాల క్యాసెట్లో మాకు దక్కేది 15 నిమిషాలే. 90 నిమిషాల క్యాసెట్ల టేపు పల్చగా ఉంటుంది, సాగిపోతుందని అన్నయ్య వాటిని ముట్టుకునేవాడు కాదు.

హెడ్ మీద రాసినప్పుడు దూది ఇటుక రంగులోకి తిరిగేది. అది టేపు నుంచి రాలిన పొడి. మొదటి పుల్ల ముదురుగా, రెండోది లేతగా వచ్చేది. మూడోది తెల్లగా వస్తేనే ఆపేవాడు. మూడు పుల్లల్నీ ఒక కాగితం మీద వరసగా పేర్చి, ఒకసారి చూసుకుని, అప్పుడు పారేసేవాడు. స్పిరిట్ ఆరడానికి మూత తెరిచే ఉంచేవాడు. ఆ రెండు మూడు నిమిషాలే నేను తీగలు సరిచేసుకునే సమయం.

శృతికి ఎలక్ట్రానిక్ పరికరాలేం లేవు మా దగ్గర. ఒక ట్యూనింగ్ ఫోర్క్ ఉండేది, బళ్ళో శృతిదండం అని చదువుకున్నామే, ఆ రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ. దాన్ని మోకాలి మీద కొట్టి కాడని యుకులేలే చెక్కకి ఆనిస్తే పెట్టె మొత్తం "ఊఁ" అని పలికేది. సెకనుకి 440 కంపనాలు. యుకులేలే మొదటి తీగని 'ఏ' స్వరానికి కడతారు, అది కూడా సరిగ్గా 440. ఒక తీగ కుదిరితే మిగతా మూడూ దాన్ని చూసి కుదురుకుంటాయి. చల్లటి ఉక్కు, వెచ్చటి చెక్క, పక్కనే ఆరుతున్న స్పిరిట్. నాకు ఆ గది అంటే ఈ మూడే.

* * *

ఆ యుకులేలే కూడా అన్నయ్య ఇచ్చిందే. నా చిన్నప్పుడు ఏదో పని మీద దూరం వెళ్ళి వస్తూ సంచిలో పెట్టుకొచ్చాడు. మూరెడు మీద కాస్త పొడుగు. సొప్రానో అంటారు, యుకులేలేల్లో మామూలుగా వాడే వాటిలో చిన్నది. బొమ్మ అనుకున్నాను. తీగ మీటగానే బొమ్మ కాదని తెలిసింది.

చెయ్యి అలవాటు లేని పిల్లకి దానికంటే దయగల వాయిద్యం నాకు తెలిసి ఇంకోటి లేదు. ఒక్క వేలితో మొదటి తీగ మూడో మెట్టు నొక్కితే 'సి' కార్డ్, అంటే కలిసి మోగే స్వరాల గుంపు, వచ్చేస్తుంది. ఆ వేలు తీసి, ఇంకో వేలితో నాలుగో తీగ రెండో మెట్టు నొక్కితే 'ఏ మైనర్'. దానికి ఇంకో వేలు కలిపితే 'ఎఫ్'. మూడు వేళ్ళు చిన్న ముక్కోణంలా పెడితే 'జి సెవెన్'. ఈ నాలుగూ వస్తే చాలు, బోలెడన్ని పాటలు పాడుకోవచ్చు. మొదటి రోజు సాయంత్రానికే నేను పాడుతూ వాయించాను. అది పాటేనా అంటే పాటే. గిటారు మొదలుపెట్టిన మా స్నేహితురాలు అప్పటికింకా వేళ్ళ నొప్పుల దగ్గరే ఉంది.

కొత్త తీగలు వేసినప్పుడల్లా అన్నయ్య ఓడ కథ చెప్పేవాడు. నైలాన్ తీగలు వేసిన నాలుగైదు రోజుల దాకా సాగుతూనే ఉంటాయి. శృతి చెయ్యడం, జారిపోవడం, మళ్ళీ చెయ్యడం. ఆ విసుగు తెలియకుండా కథ. 1879లో మదీరా దీవి నుంచి చెరకు తోటల్లో పనికని బయల్దేరిన పోర్చుగీసు కుటుంబాలు రావెన్‌స్క్రాగ్ అనే ఓడలో హవాయిలోని హోనొలులు చేరాయి. వాళ్ళు తమ ఊరి బుల్లి గిటారుని వెంట తెచ్చుకున్నారు. ఆ ఓడలోనే మాన్యుయెల్ నూనెస్ అనే కొయ్యపనివాడూ, ఇంకో ఇద్దరు పనివాళ్ళూ ఉన్నారు. తోట పని ముగిశాక వాళ్ళు ఈ వాయిద్యాలు చెయ్యడం మొదలుపెట్టారు, అక్కడి కోవా చెట్టు కలపతో. హవాయి రాజు కలాకావాకి అది నచ్చి రాజభవనంలోకి చేరింది. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనతో అమెరికా అంతా పాకింది. హవాయి భాషలో 'ఉకు' అంటే కుక్కల ఒంటి మీద గెంతే పురుగు, 'లేలే' అంటే గెంతడం. వాయించేవాళ్ళ వేళ్ళు అలా గెంతుతాయని ఆ పేరొచ్చిందని చెబుతారు.

పాప, అంటే అన్నయ్య కూతురు, ఈ కథని లెక్కలేనన్ని సార్లు విన్నది. విన్న ప్రతిసారీ "ఓడలో పురుగులున్నాయా నాన్నా?" అని అడిగేది. తను ఏ రోజుకారోజు కొత్త జవాబు చెప్పేవాడు.

* * *

సంతోషంగా ఉండే పాటలతో ఒక ఆల్బమ్ చెయ్యాలన్నది వదిన ఆలోచన. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్ళైంది. నాన్న పోయిన ఏడాది అది. ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకోవడం లేదు. నేను ఆఫీసులో పాత కాగితాల వెనక పాటలు రాసుకునేదాన్ని, అన్నీ దుఃఖమే. ఒకరోజు వదిన అవన్నీ చదివి, జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చి, "ఇవి దాచుకో అమ్మాయ్. ఇప్పుడు పాప పాడుకోడానికి పన్నెండు రాయి" అంది.

రాశాను. తప్పిపోయి ఇంటికొచ్చిన పిల్లి మీద ఒకటి, బస్సు అందిన రోజు మీద ఒకటి, సైకిల్ బెల్లు మీద ఒకటి. పాపకి ఎక్కువ నచ్చింది గొడుగు పాట:

గొడుగు మరిచానని వాన నవ్వింది,
వాన నవ్విందని నేనూ నవ్వాను,
తడిసిన జేబులో తాళాలు మోగితే
తలుపు కూడా నవ్వి తెరుచుకుంది.

ఈ పాట మొదటి తీగని ఒంటిగా నాలుగుసార్లు మీటడంతో మొదలవుతుంది. టక్, టక్, టక్, టక్. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టే బదులు అలా పెట్టుకున్నాం.

* * *

గదిని సిద్ధం చెయ్యడమే గంట పని. గోడకి దుప్పట్లు వేలాడదీసేవాళ్ళం. పరుపుని నిలబెట్టి కిటికీకి అడ్డంగా ఆనించేవాళ్ళం. ఫ్యాన్ ఆపాలి. వంటింట్లో ఫ్రిజ్ ప్లగ్గు తీసేయాలి, పని అయ్యాక మళ్ళీ పెట్టడం మర్చిపోకూడదు, ఆ బాధ్యత పాపది. నా వాచీ, ఉంగరం తీసి పక్కన పెట్టేదాన్ని. చొక్కా గుండీ చెక్కకి తగిలి టక్కుమన్నా టేపు మీదికి వచ్చేస్తుందని వదిన తన పాత స్వెట్టర్ ఒకటి ఇచ్చింది. ఫ్యాన్ లేని గదిలో స్వెట్టర్ వేసుకుని సంతోషం గురించి పాడేదాన్ని.

మైకుని ఎక్కడ పెట్టాలన్నదాని మీద రెండు వారాలు పోయాయి. గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెడితే శబ్దం డబ్బాలో నుంచి వచ్చినట్టు ఉబ్బిపోయింది. దూరం పెడితే గది అంతా వినబడింది. చివరికి మెడ వచ్చి పెట్టెకి కలిసే చోటికి గురిపెట్టి, జానెడు దూరంలో ఆపాడు. అక్కడ తీగ, చెక్క, గోరు మూడూ సమానంగా వినిపించాయి. ఆ దొరికిన చోట నేల మీద సుద్దముక్కతో మైకు స్టాండు కాళ్ళకి మూడు గుర్తులు, నా మోకాళ్ళకి రెండు గుర్తులు గీశాడు. ఆల్బమ్ పూర్తయ్యేదాకా ఆ గదిని తడిగుడ్డతో తుడవనివ్వలేదు.

యుకులేలేలో అన్నిటికన్నా కింది స్వరం మూడో తీగ, దాదాపు 262 కంపనాలు. దాని పక్కనున్న నాలుగో తీగ స్వరం ఇంకా కిందికి ఉంటుందనుకుంటాం, కానీ ఇందులో అది మళ్ళీ పైకే ఉంటుంది. అందుకే కిందికి కొట్టినా పైకి కొట్టినా శబ్దం పైనే మొదలై పైనే ముగుస్తుంది, బరువు దిగదు. "నీ వాయిద్యానికి అడుగు అంతస్తు లేదు, కాబట్టి అక్కడున్న గురగురంతా తీసేయొచ్చు" అంటూ అన్నయ్య బేస్ మీటని బాగా తగ్గించేవాడు. దూరంగా పోయే లారీల మోత అలా సగం పోయేది.

* * *

మొదటి నెలలో రికార్డు చేసినదేదీ నిలబడలేదు. సంతోషమైన పాట కదా అని నేను గట్టిగా వాయించేదాన్ని, గట్టిగా పాడేదాన్ని. అన్నయ్య వెనక్కి తిప్పి వినిపించేవాడు. ముగ్గురం వినేవాళ్ళం. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఒకరోజు తనే అన్నాడు: "నువ్వు దాన్ని కొడుతున్నావే. పాట కోపంగా ఉంది."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నిజంగానే కోపంగా ఉన్నాను, ఆ ఏడాదంతా.

పాప మూల కూర్చుని బొమ్మల పుస్తకం తిరగేస్తోంది. "అది పేజీ తిప్పే చప్పుడు నీకు వినబడేంత మెల్లగా వాయించు" అన్నాడు. ప్రయత్నించాను. చూపుడువేలి గోటితో కిందికి, అదే వేలి మెత్తటి వైపుతో పైకి. చెయ్యి మోచేతి నుంచి కాకుండా మణికట్టు నుంచి ఊపాలి, తడి చేతిని విదిలించినట్టు. అలా వాయిస్తే, పైకి వచ్చే దెబ్బ దానంతటదే తేలికైపోయింది. పాట గెంతింది. గట్టిగా కొట్టినప్పుడు రానిది అప్పుడొచ్చింది. పేజీ చప్పుడు కూడా టేపులో పడింది, బస్సు పాట చివర్లో ఇప్పటికీ ఉంది.

ఈ వాయిద్యం గురించి ఒక మాట చెప్పాలి. దీని మోత ఎక్కువసేపు నిలవదు. తీగ మీటిన వెంటనే ఆరిపోతుంది. వయొలిన్‌లా స్వరాన్ని పట్టుకుని సాగదీయలేం. కాబట్టి మళ్ళీ మీటాలి, మళ్ళీ మీటాలి. నా దుఃఖపు పాటలు దీని మీద ఎప్పుడూ సరిగ్గా కుదరకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

గొంతు సంగతి వదిన చూసుకుంది. మైకు వెనక నాకెదురుగా నిలబడేది. "గోడకి పాడకు, నాకు పాడు" అనేది. నేను పాడుతుంటే తను నవ్వేది. తనని చూసి నా పెదాలు సాగేవి. పెదాలు సాగితే గొంతు ఎంత తేటగా మారుతుందో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న అన్నయ్యకి వెంటనే తెలిసేది, కళ్ళు మూసుకునే బొటనవేలు పైకి చూపేవాడు. సంతోషంగా పాడటం అలసిపోయాక చెయ్యగలిగే పని కాదు. ఏడుపు పాటలో అలసట కలిసిపోతుంది, ఇందులో మొదటి చరణంలోనే బయటపడుతుంది. ఆఫీసు నుంచి రాగానే కాకుండా, ఒక గంట నిద్రపోయి లేచి రికార్డు చేసేవాళ్ళం.

చాలా ఏళ్ళ తర్వాత హవాయి గాయకుడు ఇజ్రాయెల్ కామకావివోఓలె రికార్డింగు గురించి తెలిసింది. 1988లో ఒక రాత్రివేళ స్టూడియోకి వచ్చి, యుకులేలే ఒక్కటే తోడుగా ఒకే టేకులో పాడి వెళ్ళిపోయాడు. 1993లో ఆల్బమ్‌లో వచ్చాక లోకమంతా విన్నది. అంత పెద్ద మనిషి చేతిలో అంత చిన్న వాయిద్యం. ఆ మెత్తటి చెయ్యి వింటుంటే నాకు పేజీ చప్పుడే గుర్తొచ్చింది.

* * *

నాలుగు ట్రాకులే ఉన్నాయి, మాకు కావలసినవి ఆరేడు. దానికో ఉపాయం ఉంది. మొదటి దాని మీద యుకులేలే, రెండో దాని మీద చప్పట్లు, మూడో దాని మీద అడుగున నడవడానికి బారిటోన్ అనే పెద్ద రకం యుకులేలే. ఆ మూడింటినీ కలిపి నాలుగో ట్రాకు మీదికి ఎక్కించాలి. అప్పుడు మొదటి మూడూ ఖాళీ అవుతాయి, వాటి మీద నా గొంతు, వదిన గొంతు పెట్టుకోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే, కొత్తవి పెట్టగానే పాతవి చెరిగిపోతాయి. కలిపింది కలిపినట్టే ఉండిపోతుంది. తర్వాత ఏది ఎక్కువైనా ఏది తక్కువైనా విడదీయడం కుదరదు.

గొడుగు పాటలో చప్పట్లు పాపవి. దానికప్పుడు ఆరేళ్ళు. రెండో చరణం నుంచి కొట్టాలి. మొదటి చరణమంతా రెండు చేతులూ ఎత్తి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, వాళ్ళమ్మ సైగ కోసం చూస్తూ నిలబడింది. సైగ రాగానే పిల్ల ఒంట్లో ఉన్న బలమంతా ఆ చప్పట్లలోకి వచ్చింది. రికార్డింగు లైటు ఆరాక అందరం దాన్ని ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నాం. ఆ హడావిడిలో అన్నయ్య మూడింటినీ నాలుగో దాని మీదికి కలిపేశాడు. మర్నాడు నా గొంతు, వదిన గొంతు కూడా పెట్టేశాం. ఆ తర్వాత నింపాదిగా వింటే చప్పట్లు మిగతా వాటికంటే పైకి ఉన్నాయి. గొంతుని దాటి వచ్చేస్తున్నాయి.

మళ్ళీ చేద్దామన్నాడు అన్నయ్య. వదిన ఒప్పుకోలేదు. తను ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఆ పాట ఎక్కడ వినబడినా, రెండో చరణం వచ్చేసరికి "ఒక గీత తగ్గించాల్సింది" అనేవాడు.

ఒక మధ్యాహ్నం పాప ఎవరూ చూడకుండా ఆ క్యాసెట్ తీసుకెళ్ళి హాల్లో ఉన్న మామూలు టేపురికార్డర్లో పెట్టింది. దాని వేగం సగమే కదా, నా గొంతు ఒక స్థాయి కిందికి దిగిపోయి ఎవరో పెద్దాయన పాడుతున్నట్టు వచ్చింది.  క్యాసెట్ తిప్పి పెడితే యుకులేలే పెద్ద గిటారులా మోగుతూ వెనక్కి నడిచింది, మోత ముందు ఉబ్బి తర్వాత టక్కుమని మాయమవుతోంది. పాప పరిగెత్తుకొచ్చి, "అత్తా, నీ లోపల ఇంకో ఆయన ఉన్నాడు" అంది. ఆ రోజు పని ఆపేసి సాయంత్రం దాకా అందరం అదే విన్నాం. ఆ ఏడాది ఆ ఇంట్లో అంత గట్టి నవ్వులు అదే మొదలు.

* * *

పన్నెండు పాటలూ అయ్యాక, నాలుగు ట్రాకుల నుంచి మామూలు స్టీరియో క్యాసెట్‌కి ఎక్కించే రోజు అన్నయ్యకీ నాకూ పెద్ద గొడవ.

ఆ యంత్రానికి టేపు వేగాన్ని కాస్త పెంచే, తగ్గించే బొత్తం ఉండేది. అన్నయ్య దాన్ని కొంచెం తిప్పాడు, 2 శాతం. మూడు నిమిషాల పాట మూడున్నర సెకన్లు ముందే అయిపోతుంది. వేగంతో పాటు స్వరం కూడా పైకి జరుగుతుంది, 440 ఉండాల్సింది 449 దాకా వెళ్తుంది. "విను, మొహం కడుక్కున్నట్టు లేదూ?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ప్రతి రోజూ శృతిదండం పెట్టి తీగ తీగకీ సరిచూసుకుని వాయించాను. ఇప్పుడు ఆ పాట ఏ వాయిద్యంతోనూ కలవదు. ఎవరైనా మా క్యాసెట్ పెట్టుకుని కలిసి వాయించుకుందామంటే కుదరదు. "నేను వాయించింది ఇది కాదు" అన్నాను. మూడు రోజులు చివరి గదిలోకి వెళ్ళలేదు.

నాలుగో రోజు వదిన పిలిచింది. పాప నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంటోంది. వదిన ఏమీ చెప్పకుండా నేను వాయించిన వేగంలో పాట పెట్టింది. పాప బొమ్మ వేస్తూనే ఉంది. తర్వాత అన్నయ్యది పెట్టింది. కాసేపటికి పాప పాదాలు రెండూ గాల్లోకి లేచి ఒకదానికొకటి తగులుతూ ఊగడం మొదలుపెట్టాయి. వదిన నా వైపు చూసింది. నేను ఒప్పుకున్నాను. మనసుకి నచ్చి కాదు, ఆ పాదాల కోసం.

* * *

నలభై కాపీలు చేశాం. రెండు టేపురికార్డర్లు వైరుతో కలిపి, ఒకదాంట్లో వేస్తూ ఇంకోదాంట్లో ఎక్కించుకోవడమే. అరగంట ఆల్బమ్‌కి అరగంట పడుతుంది, తొందరపెట్టే మార్గం లేదు. నలభై సార్లు విన్నాం. ఒక్కో క్యాసెట్ అవగానే, ఎవరూ పొరపాటున చెరిపేయకుండా వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్కని స్క్రూడ్రైవరుతో విరిచేవాడు అన్నయ్య. ఆ చిటుక్కుమనే చప్పుడు వినగానే పాప తర్వాతి కార్డు మీద సూర్యుడి బొమ్మ వేసేది. నలభై సూర్యుళ్ళూ నలభై రకాలు. ఒకదానికి గొడుగుంది.

మా ఆఫీసులో ఒకావిడకి ఇచ్చాను. వాళ్ళమ్మ మంచం పట్టి ఉండేది. రోజూ పొద్దున్నే పెట్టమనేదట. కొన్ని నెలలకి టేపు తెగిపోయింది, ఇంకోటి ఉందా అని వచ్చి అడిగింది. నా దగ్గరున్నది ఇచ్చేశాను. దాని మీద గొడుగున్న సూర్యుడు ఉన్నాడు.

* * *

వదిన పోయి చాలాకాలమైంది. పాపకిప్పుడు పెళ్ళీడుకొచ్చిన కొడుకున్నాడు. ఆ రికార్డరు అన్నయ్య గదిలోనే ఉంది, లోపలి రబ్బరు బెల్టు కరిగి జిగురైపోయింది. మిగిలిన క్యాసెట్ ఒక్కటి. ఫోన్ చేసిన రెండు రోజులకి నేను వాళ్ళింటికి వెళ్ళాను. పాప దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టింది.

"అత్తా, పాటలన్నీ శృతి తప్పి ఉన్నాయి. ముప్పై నాలుగు సెంట్లు పైకి ఉన్నాయి. ఒక్క నొక్కుతో 440కి దించేయొచ్చు, దించనా?" అంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య స్వరాల దూరాన్ని నూరు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక సెంటు.

అన్నయ్యకి వినబడలేదు. "ఏమంటోంది?" అని నన్నడిగాడు. దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పాను. తనేమీ అనలేదు. నా మొహం వంక చూస్తూ కూర్చున్నాడు.

"వద్దు పాపా" అన్నాను.

యుకులేలే వెంట తీసుకెళ్ళాను. అన్నయ్య సొరుగులోంచి శృతిదండం తీసి మోకాలి మీద కొట్టి, కాడని చెవి వెనక ఎముకకి ఆనించుకున్నాడు. పై స్వరాలు తనకి అందడం లేదు గానీ 440 ఇంకా అందుతోంది. కాసేపు విని, తల అడ్డంగా ఊపి, వేలితో పైకి చూపించాడు. ఇంకా పైకి.

గొడుగు పాట మొదట్లో ఉన్న ఆ నాలుగు మీటుళ్ళనే పాప మళ్ళీ మళ్ళీ వచ్చేలా పెట్టింది. నేను నా మొదటి తీగని వాటితో పాటు మీటాను. రెండు స్వరాలు కలవనప్పుడు వచ్చే అల వచ్చింది, వణుకులాగా, సెకనుకి తొమ్మిది సార్లు. మర చెవిని వెంట్రుకవాసి తిప్పాను. వణుకు కాస్త నెమ్మదించింది. ఇంకాస్త తిప్పాను. నెమ్మదిగా ఊగి, ఊగి, ఆగిపోయింది. ఇప్పుడు ఒకే తీగ వినబడుతోంది. మిగతా మూడు తీగలూ దాని వెంటే పైకి తెచ్చాను.

పాట పెట్టింది పాప. నేను కలిసి వాయించాను. వదిన గొంతు పక్కనుంచి వచ్చింది, నా గొంతు కింద మెత్తగా. అన్నయ్య నా మణికట్టునే చూస్తున్నాడు. రెండో చరణం మొదట్లో చప్పట్లు వచ్చాయి, గొంతుని దాటి, ఎప్పట్లాగే ఎక్కువగా.

అన్నయ్య తలెత్తాడు. "అవి వినబడుతున్నాయే" అన్నాడు.